తప్పు లేని దరఖాస్తు

మనిషి ముసలివాడు కావడానికి ముందస్తు అనుమతి తీసుకోనక్కర్లేదన్న ఒక్క లోపాన్ని పక్కన పెడితే, మన వృద్ధుల హితరక్షణ చట్టంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఆ చట్టం మహా దయగలది. మతి తప్పాక తనను ఎవరు చూసుకోవాలో, ఏ ఇంట్లో ఉంచాలో, ఆసుపత్రిలో తన తరఫున ఎవరు సంతకం పెట్టాలో మతి ఉండగానే రాసిచ్చే హక్కును ప్రతి ముసలి ప్రాణికీ ప్రసాదించింది. అలా రాసివ్వడానికి ఫారం 27-ఎ అని ఒకటుంది. పద్నాలుగు పేజీలు, అరవై ఒక్క గడులు, కొట్టివేతలు చెల్లవు. (నింపుతూ ఉండగానే మతి తప్పినవారి కోసం 27-బి కూడా ఉందంటారు. దాన్ని చూసినవాళ్లు మాత్రం చెప్పే స్థితిలో లేరు.)

ఈ హక్కు కోసం ఒక కూతురు నాలుగు నెలలు చెప్పులరిగేలా తిరిగింది. ఆమెకు నలభై ఆరేళ్లు. ఒక లిఫ్టుల కంపెనీకి ఇంట్లో కూర్చునే ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుని ఫోన్ చేస్తారు. "కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు, గోడకు ఆనుకుని కూర్చోండి" అని ఆమె చెప్పాలి. మనిషి బయల్దేరాడో లేదో ఆమెకు తెలియదు. అయినా ఆ గొంతు వినగానే అవతలివాళ్లు నెమ్మదించేవాళ్లు.

తండ్రి నమోదు కార్యాలయంలో ముప్ఫై ఆరేళ్లు పని చేసి పెద్ద గుమాస్తాగా రిటైరయ్యారు. ఊళ్లో అందరూ ఆయన్ని కొర్రీ గారనేవారు. వచ్చిన కాగితంలో ఎక్కడో ఓ లోపం పట్టుకుని, దాన్ని ఎర్ర సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కాగితాన్ని వచ్చిన దారినే తిప్పి పంపడాన్ని ఆఫీసు భాషలో కొర్రీ వేయడమంటారు. ఆ విద్యలో ఆయనకు సాటి లేదు. పెళ్లి నమోదు కోసం వచ్చిన జంటల్లో కొందరు, ఆయన కొర్రీలకు సమాధానాలు చెప్పుకునేలోపు విడిపోయారని కూడా చెప్పుకునేవారు. ఆయన లంచం ముట్టలేదు, ఎవరినీ కసిరింది లేదు. "రేపు రండి" అని మాత్రం అనేవారు, అదీ ఎంతో మర్యాదగా.

రెండేళ్లుగా ఆయన మతి జారిపోతూ వస్తోంది. ముందు వీధుల పేర్లు పోయాయి, ఆ తర్వాత చుట్టాలు. భార్య చనిపోయిన సంగతి మొదట పోయింది, కొన్నాళ్లకు అసలు భార్య ఉండేదన్న సంగతే పోయింది. ఈ ఏడాది కూతురి వంతు వచ్చింది. కొర్రీ మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున పది కొట్టేసరికి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎర్ర సిరా పెన్ను జేబులో దోపుకుని, హాల్లో బల్ల ముందు కూర్చుంటారు. సాయంత్రం అయిదింటికి లేస్తారు. పదికి ముందు ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఒకటే తొందర, అయిదు దాటాక నీరసం. మరి స్నానం, మాత్రలు, గోళ్లు తీయడం, అన్నీ ఆఫీసు వేళల్లోనే జరగాలి. ఆఫీసు వేళల్లోనేమో నోటి మాట మీద ఆయన కదలరు.

"నాన్నా, నీళ్లు చల్లారిపోతున్నాయి, లెండి" అంటే, "రాతపూర్వకంగా ఇవ్వండమ్మా" అనేవారు.

ఒకరోజు ఆమెకు ప్రాణం విసిగి, కరెంటు బిల్లు వెనక రాసిచ్చేసింది. "మహారాజశ్రీ పెద్ద గుమాస్తా గారి దివ్యసముఖమునకు విన్నవించుకోవడమేమనగా, తమరు దయచేసి స్నానం చేయవలసిందిగా ప్రార్థన. ఇట్లు, దరఖాస్తుదారు." ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఎర్ర పెన్ను తీసి "తేదీ లేదు" అని రాసి తిప్పి ఇచ్చారు. ఆమె తేదీ వేసింది. "ఆమోదించడమైనది" అని సంతకం పెట్టి, లేచి, బుద్ధిగా స్నానాల గదిలోకి నడిచారు. ఆమె ఆయన వీపు రుద్దుతూ నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. సబ్బు కళ్లలో పడిందేమోనని ఆయనే కంగారుపడ్డారు.

మూడోనాడు ఆమె తెలివిగా తేదీ ముందే వేసి ఇచ్చింది. అదే పొరపాటైంది. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు, వెలుతురుకి పట్టి చూశారు. తప్పు దొరకలేదు. మొహం ముడుచుకుపోయింది. తప్పు దొరకని కాగితాన్ని ఏ గుమాస్తా నమ్ముతాడు? పేపర్ వెయిట్ కింద పెట్టి, "పరిశీలనలో ఉంది. రేపు రామ్మా" అన్నారు. ఆ రోజు స్నానం లేదు.

అప్పటినుంచి ఆమె ప్రతి దరఖాస్తులోనూ ఒక్క తప్పు కావాలని వదిలేది. స్నానానికి తేదీ ఉండదు. బీపీ మాత్రకు సంతకం ఉండదు. గోళ్లకు "జతపరిచిన కాపీలు రెండు" అని రాసి ఒక్కటే జతపరిచేది. ఆయన పట్టుకునేవారు, మురిసిపోయేవారు, సరిచేసి తెమ్మనేవారు, తేగానే ఆమోదించేవారు. రోజుకు ఎనిమిది దరఖాస్తులు. ఇల్లు గడియారంలా నడిచేది. (ఇంత సాఫీగా నడిచే ప్రభుత్వ కార్యాలయం ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.)

ఇలా ఉండగా ఆయన స్నానాల గదిలో కాలు జారి పడ్డారు. తుంటి ఎముక చిట్లింది. ఆసుపత్రి వాళ్లు ఆ ఒక్కసారికి కూతురి సంతకం తీసుకుని, ఆనక నిబంధన ప్రకారం హితరక్షణ విభాగానికి కబురు పెట్టారు. విభాగం నుంచి వెంటనే తాఖీదు వచ్చింది (మంచి వార్తలకే అక్కడ ఆలస్యం). నూట ఇరవై రోజుల్లో ఫారం 27-ఎ నమోదు కాకపోతే కొర్రీ గారిని "దిక్కులేని వృద్ధుల" జాబితాలో చేర్చి, ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే ఆ నిలయానికి తరలిస్తారట. ఆ తాఖీదును సంతకం చేసి తీసుకున్నది ఆ దిక్కే.

ఫారం చూడగానే ఆమెకు చిక్కు తెలిసింది. దాని కింద నాన్నే సంతకం పెట్టాలి. ఆఫీసుకేమో ఫారంలో ఒక్క తప్పుండకూడదు. నాన్నకేమో ఒక్క తప్పయినా ఉండాలి.

మొదటిసారి ఆఫీసు మాటే విని అరవై ఒక్క గడులూ తప్పులేకుండా నింపింది. ఆ ఫారం పేపర్ వెయిట్ కింద తొమ్మిది రోజులు పరిశీలనలో ఉండిపోయింది. రెండోసారి నాన్న మాట విని తేదీ వదిలేసింది. ఆయన ఆనందంగా ఫారం మీదే ఎర్రగా రాశారు, ఆమె తేదీ వేయగానే సంతకం పెట్టారు. దాన్ని తీసుకెళ్తే సంరక్షణ అధికారి చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది గురువుగారి చేతిరాత కదమ్మా!"

అతను ఒకప్పుడు కొర్రీ గారి కింద చిన్న గుమాస్తా. ఇప్పుడు అతనికి అద్దాల గది, పేరు చెక్కిన పలక, తనకంటే ఎత్తుగా పేర్చిన ఫైళ్లు ఉన్నాయి. ఆ ఎర్ర అక్షరాలను వేలితో తడిమి, కళ్లు తుడుచుకుని, ఫారాన్ని తిరస్కరించాడు.

"ఎర్ర సిరా తగిలిందమ్మా, చెల్లదు. ఈ మాట నాకు నేర్పింది వారే."

మూడోసారి ఆమె రెండు వైపులా బుర్ర పెట్టింది. ఫారం తప్పుల్లేకుండా నింపి, దాని మీద ఒక కవరింగ్ లెటర్ గుచ్చి, తప్పు అందులో పెట్టింది. తండ్రి తప్పు పట్టారు, ఆమె సరిచేసింది, ఆయన ఆమోదించారు. కవరింగ్ లెటర్‌ని. కింద ఉన్న ఫారం విడిగా పరిశీలించవలసిన విషయమని పక్కన పెట్టేశారు.

అప్పటికి నూట పది రోజులు గడిచాయి. ఆమె అద్దాల గదిలో బల్ల మీద చేతులు ఆన్చి, "సార్, మీరే ఇంటికొచ్చి చూడండి. ఆయన నా చేత్తో తింటారు, నా చెయ్యి పట్టుకునే నడుస్తారు. కొత్తచోట వదిలేస్తే ఆయనకు ఏ కాగితం ఎలా ఇవ్వాలో ఎవరికి తెలుసు సార్? తిండి మానేసి చచ్చిపోతారు" అంది.

"అయ్యో, అలా అనకండమ్మా. ఇంటి విచారణకు వీలుంది. దరఖాస్తు పెట్టుకోండి" అన్నాడు అధికారి.

అధికారి నూట పద్దెనిమిదో రోజున వచ్చాడు. గురువుగారి కాళ్లకు దండం పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని, మతి స్థిమిత పరీక్ష పత్రం తీశాడు. అందులో ఇరవై ప్రశ్నలు. పొద్దున్నే ఆయన చెప్పులు ఫ్రిజ్‌లో కనబడ్డాయన్న సంగతి కూతురు చెప్పలేదు.

"ఇవాళ ఏ వారమండీ?" అన్నాడు అధికారి.

కొర్రీ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈ ప్రశ్న అడగమని మీకు ఏ ఉత్తర్వు చెప్పింది? నంబరెంత? తేదీ ఏది?"

అధికారి పత్రాన్ని తిరగేశాడు. ఉత్తర్వు నంబరు నిజంగానే అచ్చు కాలేదు.

"నంబరు లేకుండా ప్రశ్నలు పట్టుకొచ్చేశారా? ఇరవై ప్రశ్నలకూ ఇదే అభ్యంతరం. వెళ్లి సరిచేసి తీసుకురండి."

అధికారి ఇరవై గడుల్లోనూ టిక్కులు పెట్టేశాడు. "మీ నాన్నగారి మతి దివ్యంగా ఉందమ్మా! మా ఆఫీసు మొత్తం కలిపినా ఇంత లేదు" అని, "సంపూర్ణ మతి స్థిమితం కలవారు" అన్న ధ్రువపత్రం మీద అక్కడికక్కడే ముద్ర గుద్దాడు. కూతురికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇక మిగిలింది విచారణ కోసం ఈసారి ఖాళీగా ఉంచిన తొమ్మిదో గడి ఒక్కటే, దరఖాస్తుదారుకూ వృద్ధుడికీ గల సంబంధం.

అధికారి సంచిలోంచి కంప్యూటర్ పలక తీసి, దాని మీద వేలితో నొక్కుతూ పాత రిజిస్టర్లు తెరిచాడు. నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీ పుట్టుక ఇంకా పెండింగులో ఉందండీ."

"ఏంటి సార్?"

"మీరు పుట్టలేదని నేననను. నమోదు మాత్రం కాలేదు. కొర్రీ ఉంది."

ఆ కొర్రీ ఎవరిదో వేరే చెప్పాలా? నలభై ఆరేళ్ల కిందట కూతురు పుట్టిన వారానికి కొర్రీ గారు తండ్రి హోదాలో ఫారం నింపి, కౌంటర్లో ఇచ్చి, గిర్రున అటువైపు తిరిగి వెళ్లి గుమాస్తా హోదాలో దాన్ని పుచ్చుకున్నారు. తండ్రి సంతకం గడి దాటి బయటికొచ్చిందని గుమాస్తా గమనించారు. సొంత మనిషని చూసీ చూడనట్టు వదిలేసే రకం కాదాయన. తండ్రి వివరణ కోరుతూ ఎర్ర సిరాతో రాశారు. వివరణ ఇవ్వాలంటే తండ్రి ఆఫీసు వేళల్లో రావాలి. తండ్రిగా రావాలంటే గుమాస్తా సెలవు పెట్టాలి. గుమాస్తా సెలవు పెడితే కౌంటర్లో పుచ్చుకునేవాడు లేడు. ఆ చిక్కు ముప్ఫై ఏళ్లపాటు తేలలేదు, ఆ తర్వాత ఆయన రిటైరైపోయారు.

"నా దగ్గర బడి సర్టిఫికెట్లున్నాయి సార్, కాలేజీవి ఉన్నాయి..."

"అవి మీరు చదువుకున్నారని చెబుతాయమ్మా. పుట్టారని చెప్పవు. పోనీ, గురువుగారే ఇక్కడున్నారు కదా. మతి ధ్రువపత్రం కూడా ఉంది. వారు ఒక్క మాట రాస్తే పాత కొర్రీ ఎగిరిపోతుంది." అధికారి పలకను ఆయన ముందు పెట్టాడు. "గురువుగారూ, ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

కొర్రీ గారు కూతురి వైపు చూశారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన మొహంలో జాలి కనబడింది.

"దరఖాస్తుదారు. రోజూ వస్తుంది పాపం. మంచి పిల్ల. ఎప్పుడూ తేదీ మర్చిపోతుంది."

"నాన్నా!" ఆమె వచ్చి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "నేను నాన్నా. నీ కూతుర్ని. ఒక్కసారి చూడు నాన్నా, నన్ను సైకిల్ మీద బడికి దింపేవాడివి, బడి గేటు దగ్గర నా పలక మీద తప్పులు దిద్దేవాడివి..."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "ఏడవకమ్మా. ఏడిస్తే పనులు కావు. కాగితం తెచ్చుకో, నేనున్నాను కదా, చూస్తాను." ఆ తర్వాత పలక మీద తన పాత కొర్రీని మొదటినుంచి చివరిదాకా చదివి, "సబబుగానే ఉంది" అన్నారు. 27-ఎ ఫారం ముందుకు లాక్కున్నారు. ఈసారి ఎర్ర సిరా తగలకుండా అధికారి తన నల్ల పెన్ను అందించాడు. కొర్రీ గారు తొమ్మిదో గడిలో, గడి దాటకుండా, తేదీతో సహా రాశారు: "సంబంధము రుజువు కాలేదు. తిరస్కరించడమైనది." కింద పొందిగ్గా సంతకం పెట్టారు.

అధికారి ఫారాన్ని భక్తిగా సంచిలో పెట్టుకున్నాడు. ఒక్క కొట్టివేత లేదు. ఆ కార్యాలయం చరిత్రలో ఏ లోపమూ లేకుండా నమోదైన 27-ఎ అదొక్కటే.

"సార్, ఆయనకు మతి లేదు సార్! చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టారు సార్!" అంది కూతురు వెంటపడి.

"అలా అనకూడదమ్మా, ధ్రువపత్రం ఇచ్చాం" అన్నాడు అధికారి నొచ్చుకుని. "వారు పూర్తి స్పృహతో, చట్టబద్ధంగా మిమ్మల్ని కాదన్నారు. పెద్దల నిర్ణయాన్ని గౌరవించడం మన ధర్మం."

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. రోజంతా ప్రయాణం చేస్తే గానీ చేరని చోట, ఒక నిలయంలో నూట పద్నాలుగో మంచం ఆయనకు కేటాయించారు. సందర్శకులకు నెలలో రెండో ఆదివారం అనుమతి, నమోదైన బంధువులకు మాత్రమే. కూతురు ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఈలోగా ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఫోన్ చేశారు. "కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు" అంది ఆమె. ఈసారి ఆ గొంతు విని అవతలి మనిషి మరింత కంగారుపడ్డాడు.

చెప్పిన రోజున చెప్పిన వేళకు వ్యాను వచ్చింది. అందులోంచి ఒక సూపర్‌వైజరు, ఇద్దరు బలమైన సహాయకులు దిగారు. సూపర్‌వైజరు చేతిలో నిబంధనల పుస్తకం ఉంది. దాని ప్రకారం మతి లేని వృద్ధుల్ని ఎత్తి వ్యానులో పెట్టవచ్చు. మతి స్థిమితం కలవారిని మాత్రం వారి రాతపూర్వక సమ్మతి లేకుండా ముట్టుకోకూడదు. కొర్రీ గారికి ధ్రువపత్రం ఉండనే ఉంది.

"పెద్దాయనా, వ్యాను ఎక్కుదామా?" అన్నాడు సూపర్‌వైజరు.

"దరఖాస్తు ఏది?" అన్నారు కొర్రీ గారు.

సూపర్‌వైజరు బానెట్ మీద కాగితం పెట్టి బరబరా రాసి తెచ్చాడు. కొర్రీ గారు పెన్ను తీశారు. తేదీ లేదు. హోదా లేదు. విషయం రాయలేదు. ఎవరు ఎక్కాలో రాయలేదు. పదకొండు కొర్రీలు పడ్డాయి. అన్నేళ్లలో ఆయన అంత సంతోషంగా ఉండటం కూతురు చూడలేదు. ఈ పదకొండూ సరిచేసి తెస్తే నాన్న ఆమోదించేస్తారు. సంతకం పెట్టి, బుద్ధిగా లేచి, వ్యాను ఎక్కేస్తారు.

సూపర్‌వైజరు కాగితం చూసి తల పట్టుకున్నాడు. "ఇది నావల్ల కాదు మేడం. రోజూ మీరే రాస్తారట కదా, అధికారిగారు చెప్పారు. మీరే ఒకటి రాసిపెట్టండి, పుణ్యముంటుంది. ఒక్క తప్పు కూడా ఉండకూడదు మేడం. మళ్లీ తిప్పి పంపితే మాకు పొద్దుపోతుంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఒక్క తప్పు కూడా ఉండకూడదా?"

"అస్సలు ఉండకూడదు."

"మీ ఇష్టం" అంది ఆమె.

లోపలికెళ్లి తెల్ల కాగితం తీసుకుంది. తేదీ వేసింది. విషయం రాసింది, హోదాలు రాసింది, ఉత్తర్వు నంబరు వేసింది, కాపీలు రెండంటే రెండే జతపరిచింది, చివర్న సూపర్‌వైజరు చేత గడి దాటకుండా సంతకం పెట్టించింది. తను పుట్టిననాటినుంచి ఆ ఇంట్లో నేర్చుకున్నదంతా ఆ కాగితం మీద పెట్టింది. చదివి సూపర్‌వైజరు ముచ్చటపడి, "ఇంత బాగా రాసే మనిషి ఆఫీసులో ఒక్కరున్నా చాలు మేడం" అన్నాడు.

కొర్రీ గారు చదివారు. మళ్లీ చదివారు. వెనక్కి తిప్పారు. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకి పట్టి చూశారు. మొహం ముడుచుకుపోయింది. తిరిగొచ్చి, కాగితాన్ని పేపర్ వెయిట్ కింద పెట్టి, సర్కారు వారి ప్రతినిధిని ఎగాదిగా చూశారు.

"పరిశీలనలో ఉంది. రేపు రండి."

వ్యాను ఇప్పటికి పదమూడు సార్లు వచ్చి వెళ్లింది. ప్రతిసారీ ఆమె కొత్త దరఖాస్తు రాసిస్తుంది, ఒక్క తప్పు లేకుండా. జాప్యానికి కారణం దరఖాస్తులో ఏదైనా లోపమేమోనని విభాగం ముగ్గురు సభ్యులతో ఒక కమిటీ వేసింది. కమిటీకి ఏ లోపమూ దొరకలేదు, అందుచేత పరిశీలన పొడిగించారు. (నూట పద్నాలుగో మంచం ఆయన పేరిట ఖాళీగానే ఉంది. వార్షిక నివేదికలో దాని ఎదురుగా "సేవలు సంతృప్తికరం" అని రాశారు.)

కొర్రీ గారు రోజూ స్నానం చేస్తున్నారు, మాత్రలు వేసుకుంటున్నారు, దరఖాస్తుదారు తేదీ మర్చిపోయిందని రోజూ మెత్తగా మందలిస్తున్నారు. ఆమె పుట్టుక మాత్రం ఇంకా పెండింగులోనే ఉంది.